చేవదేరిన మాన్లు ఎన్ని మిగిలాయి?

(కడపలో అటవీ బీటు సిబ్బంది, నర్సరీ రైతులు, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన పిల్లలూ, ముందుకు రండి. బల్ల మీద పెట్టినవి దూరం నుంచి చూసేవి కావు.

ఈ పళ్లెంలో ఉన్నవి ఎర్రచందనం కాయలు. తలా ఒకటి చేతిలోకి తీసుకోండి. గుండ్రంగా ఉంది, చుట్టూ పల్చటి రెక్క, నడిమధ్య ఉబ్బు. గాలికి ఎగిరిపోవడానికి ఆ రెక్క. గింజ ఆ ఉబ్బులో ఉంటుంది, ఒకటి, ఎప్పుడైనా రెండు. కానీ ఉబ్బు ఉన్న ప్రతి కాయలో గింజ ఉందనుకోవద్దు. వేరుశనగలో తాలు కాయ ఎట్లా ఉంటుందో ఇదీ అంతే. పైకి నిండుగా ఉంటుంది, కత్తిరిస్తే లోపల ఏమీ ఉండదు. కత్తెర పక్కనే పెట్టాను, తర్వాత కోసి చూద్దురు.

ఈ రోజు మాట్లాడేది ఈ కాయ గురించి, దీన్ని కాసే మాను గురించి. ఎర్రచందనం అనగానే అందరి మనసూ దుంగ మీదికి పోతుంది. పత్రికలో బొమ్మ కూడా పట్టుబడిన దుంగలదే. ఇవాళ దుంగను కాస్త పక్కన పెడదాం.

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ప్రధానంగా మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. పాలకొండలు, శేషాచలం, లంకమల, వెలికొండలు, నల్లమల దక్షిణపు అంచు. పాత జిల్లాల లెక్కన చెప్పాలంటే కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు. ఇక్కడి మాను పోతే తెచ్చుకోవడానికి ఇంకో అడవి లేదు. ఒక చోటికే పరిమితమైన జాతిని స్థానీయ జాతి అంటాం. స్థానీయ జాతికి వచ్చే ప్రమాదం వేరే జాతులకు వచ్చే ప్రమాదం కంటే పెద్దది ఇందుకే.

ఇప్పుడు రెడ్ లిస్ట్ సంగతి. ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ జాతుల పరిస్థితిని అంచనా కట్టి జాబితా వేస్తుంది. ఎర్రచందనం ఆ జాబితాలో 'ఎండేంజర్డ్' కింద, అంటే అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి కింద ఉండేది. 2018లో 'నియర్ థ్రెటెన్డ్' అన్నారు, అంటే ప్రమాదం దాపుల్లో ఉందని. ఆ తర్వాత చేసిన అంచనాలో మళ్లీ 'ఎండేంజర్డ్' అయింది, 2022 మొదట్లో ఆ కబురు పత్రికల్లో వచ్చింది. చాలామంది రైతులు అడుగుతున్నారు: అడవిలో చెట్లు లక్షల్లో ఉన్నాయి కదా, మా చేలల్లో కూడా ఉన్నాయి కదా, అంతరించిపోతోందని ఎట్లా అంటారు అని. మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలియకపోతే మిగతా ఏదీ అర్థం కాదు.

ఆ జాబితా ఎన్ని చెట్లు ఉన్నాయని మాత్రమే అడగదు. ఎన్ని ఉండేవి, ఎంత వేగంగా పోయాయి అని అడుగుతుంది. కొలిచేది మూడు తరాల కాలంలో. మనుషుల తరం కాదు, చెట్టు తరం. ఆ కాలంలో 30 శాతం తగ్గితే 'వల్నరబుల్', 50 శాతం తగ్గితే 'ఎండేంజర్డ్', 80 శాతం తగ్గితే 'క్రిటికల్లీ ఎండేంజర్డ్'. ఎర్రచందనం మూడు తరాల్లో 50 నుంచి 80 శాతం దాకా తగ్గిందని అంచనా వేశారు. రెండోది, లెక్కలోకి వచ్చేది ముదురు చెట్టు, అంటే పూసి, కాసి, సంతానం ఇవ్వగలిగిన చెట్టు. మోకాలెత్తు మొలకలు పదివేలున్నా ఆ లెక్కలో అవి సున్నా. నర్సరీలో ప్లాస్టిక్ సంచిలో ఉన్న మొక్క కూడా సున్నాయే.

దొంగ కొట్టేది ఏ చెట్టును? చేవదేరిన మానును. పైన తెల్లచెక్క, లోపల ఎర్రటి చేవ. ధర ఆ చేవకే. అది సరిగ్గా కట్టడానికి పదులకొద్దీ ఏళ్లు పడుతుంది. గుట్ట మీద అంత వయసుకు వచ్చిన మానే కాయను బాగా రాల్చే తల్లి మాను కూడా. దొంగ నరికి తీసుకుపోయింది ఒక దుంగ అనుకుంటాం. నిజానికి ఆ వంక పొడవునా మొలవాల్సిన వచ్చే ముప్పై ఏళ్ల మొలకల్ని కూడా తీసుకుపోయాడు. మిగిలినవి సన్నటి కర్రలు. దూరం నుంచి చూస్తే గుట్ట పచ్చగానే ఉంటుంది, అడవి ఉన్నట్టే ఉంటుంది.

ఆ దుంగల్లో ఇంకో తేడా ఉంది. కొన్నింటికి చెక్కలో నార అలలు అలలుగా పోతుంది, కొన్నింటికి నిలువుగా పోతుంది. అలల నార ఉన్నదానికి ధర ఎక్కువ. తూర్పు దేశాల్లో వాద్యాలకూ, ఖరీదైన సామాన్లకూ అదే కావాలంటారు. చెక్క ఎంత బరువంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఎరుపు ఇచ్చేది శాంటలిన్ అనే రంగు పదార్థం. ఇవన్నీ మానుకు శాపాలయ్యాయి. బాగా అలల నార ఉన్న తల్లి మాన్లనే ఏరి ఏరి కొడితే, ఆ గుణాన్ని సంతానానికి ఇచ్చే మాన్లు అడవిలో తగ్గిపోతాయి. గొర్రెల మందలో మంచి పొట్టేళ్లన్నీ ఏటా అమ్మేసి, బక్కవాటిని జోడు కట్టుకుంటూ పోతే మంద ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

గొడ్డలితోనే కథ అయిపోలేదు. కాయ పక్వానికి వచ్చి రాలే కాలం ఏది? ఫిబ్రవరి, మార్చి. మాను అప్పుడు ఆకు రాల్చి మోడుగా ఉంటుంది. కింద బోద గడ్డి ఎండి నిలువెత్తు ఉంటుంది. కాయ ఎండినది, రెక్క కాగితంలాంటిది, వచ్చి ఆ గడ్డిలో పడుతుంది. అడవి అంటుకునే కాలం కూడా అదే. ఒక బీడీ ముక్క, కొత్త పచ్చిక కోసం ఎవరో అంటించిన గడ్డి, రెండు గంటల్లో ఒక వాలు మొత్తం పోతుంది. పెద్ద మానుకు బెరడు మందం, మొసలి వీపులాగా పలకలు పలకలుగా ఉంటుంది, తట్టుకుంటుంది. ఆ ఏడాది రాలిన కాయ మాత్రం బూడిద. అందుకే జనవరి లోపల మంటగీతలు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసిన బాటలు, తీయడం అంటే ఎర్రచందనం వరకూ విత్తనాన్ని కాపాడడమే. బీటు సిబ్బందికి ఇదొక్కటి గట్టిగా చెప్తున్నాను. మంటగీత మార్చిలో తీస్తే కాగితంలో పని జరిగినట్టు ఉంటుంది, అడవిలో జరగదు.

మొలక వచ్చాక దాని కష్టం వేరు. మొదటి ఏడు పైన ఎంత ఉంటుందో అంతకంటే లోపలికి వేరు దిగుతుంది. ఎండాకాలం పైభాగం ఎండిపోతుంది. చచ్చిందనుకుంటాం. వానొస్తే వేరు నుంచి మళ్లీ చిగురు. ఇట్లా కొన్నేళ్లు చచ్చి బతికి, వేరు బలిసిన తర్వాతే నిటారుగా లేస్తుంది. ఈ ఏళ్లలో మేకలు పడినా, ఏటా మంట పడినా లేవదు. దీనికి నీడ పడదు, పైన ఎండ కావాలి. దట్టంగా లంటానా పొద కమ్మిన చోట మొలక నిలవదు. కాబట్టి లంటానా పీకడం, ఒక వాలును నాలుగైదేళ్లు మేతకు మూసి ఉంచడం, ఈ రెండూ కొత్తగా నాటడం కంటే తక్కువ ఖర్చులో ఎక్కువ మాన్లను ఇస్తాయి. నా అభిప్రాయం ఇది. గుంతలు తీసి మొక్క పెట్టి ఫొటో తీసుకోవడం సులువు. ఉన్న మొలకను లేవనివ్వడం ఓపికతో చేసే పని.

కొట్టేసిన మొదలు గురించి కూడా చెప్పాలి. ఎర్రచందనం మొదలు నుంచి పిలకలు వేస్తుంది. దొంగలు నడుమెత్తులో అడ్డదిడ్డంగా నరికిన మొదలును అట్లానే వదిలేస్తే పిలకలు పైన ఎక్కడో వస్తాయి, గాలికి విరుగుతాయి. మొదలును నేలకు దగ్గరగా, నీళ్లు నిలవకుండా వాలుగా, నున్నగా కోసి, వచ్చిన పిలకల్లో బలమైనవి ఒకటో రెండో ఉంచి మిగతావి తీసెయ్యాలి. అడవిలో ఇది అటవీ శాఖ చేసే పని. వేరే ఎవరూ చెయ్యి పెట్టకూడదు. చేలో మొక్కకు మీరే చేసుకోవచ్చు.

ఇక నర్సరీ రైతుల విషయానికి వస్తాను. ఇక్కడ కాస్త నిదానంగా వినండి.

మొదట చెట్టును పోల్చుకోండి. ఎర్రచందనం ఆకులో మామూలుగా మూడు రేకులు ఉంటాయి, వెడల్పుగా, గుండ్రంగా. ఐదు అరుదు. బెరడు గీరితే ఎర్రటి జిగురు కారుతుంది. ఐదు నుంచి ఏడు రేకులు ఉండి, రేకు కాస్త పొడుగ్గా ఉంటే అది వేగిస. మంచి చెట్టే, కానీ ఇది కాదు. ఎర్రటి నిగనిగలాడే గింజల బండి గురివెందను కూడా కొన్ని ప్రాంతాల్లో రక్తచందనం అంటారు. ఆ పేరు నమ్మి గింజ కొన్నవాళ్లకు పదేళ్ల తర్వాత తెలుస్తుంది. ఎర్రచందనం విత్తనం ఎర్రగా ఉండదు. మీ చేతిలో ఉన్న ఈ రెక్కకాయే.

కాయను ఒక్క చెట్టు నుంచి కోయవద్దు. చేను గట్టున ఒక మంచి చెట్టు ఉందని పదివేల మొక్కలు దాని నుంచే పెంచితే, ఆ పదివేలూ ఒకే తల్లి బిడ్డలు. రేపు అవి ఒకదానితో ఒకటి పరాగం పంచుకుంటే తాలు కాయలు పెరుగుతాయి, మొలకలు బలహీనపడతాయి. కనీసం పాతిక ముప్పై చెట్ల నుంచి, ఒకదానికొకటి దూరంగా ఉన్నవాటి నుంచి తీసుకుని కలపండి. రిజర్వు అడవిలోకి కాయకోసం కూడా అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు. పట్టా భూముల్లో, శాఖ తోటల్లో కాసే చెట్లు ఇప్పుడు చాలినన్ని ఉన్నాయి.

కాయ చెట్టు మీద గోధుమ రంగుకు తిరిగి ఎండినాక తీయండి. పచ్చగా తీస్తే మొలవదు. కిలోకు అటూ ఇటూగా వెయ్యి కాయలు తూగుతాయి. కొనే ముందు సంచిలో చెయ్యి పెట్టి అడుగు నుంచి ఇరవై కాయలు తీసి అడ్డంగా కోయండి. పన్నెండింటిలో గింజ ఉంటే మంచి సరుకు. ఐదింటిలోనే ఉంటే ఆ కాయ ఎంత అగ్గువకు ఇచ్చినా ఖరీదే. గింజకు పురుగు తొలిచిన సన్నటి రంధ్రం ఉందేమో కూడా చూడండి.

నాటే ముందు చుట్టూ రెక్క కత్తిరించండి, ఉబ్బు తెగకుండా. తర్వాత రెండు మూడు రోజులు పేడనీళ్లలో నానబెట్టండి. పెంకు గట్టిది, మామూలుగా వేస్తే నీరు లోపలికి దిగడానికి వారాలు పడుతుంది, ఒక్కోటి ఒక్కో రోజు మొలుస్తుంది, మొక్కలన్నీ ఎగుడుదిగుడు. నానినవి ఎత్తు మడిలో ఒక సెంటీమీటరు లోతున, సగం ఇసుక కలిపిన మట్టిలో వేసి పైన గడ్డి కప్పండి. పది పదిహేను రోజుల నుంచి మొలకలు కనబడతాయి, నెలన్నర దాకా వస్తూనే ఉంటాయి. కాబట్టి ఇరవై రోజులకే మడి తిప్పేయకండి. రెండు ఆకులు రాగానే సంచిలోకి మార్చాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, చివికిన పశువుల ఎరువు ఒకటి. పచ్చి పేడ వేస్తే లేత వేరు మాడుతుంది.

నర్సరీలో జరిగే పెద్ద తప్పు సంచిలో మొక్కను ఎక్కువ కాలం ఉంచడం. దీనికి తల్లివేరు ముల్లంగిలా దిగుతుంది. సంచి అడుగు తాకి చుట్టుకోవడం మొదలెడితే, నాటినాక కూడా ఆ చుట్టు విప్పుకోదు. ఏడెనిమిదేళ్లకు మాను లావెక్కి, ఒక పెద్దగాలికి మొదలంటా ఒరుగుతుంది. రైతు గాలిని తిడతాడు. తప్పు సంచిది. నెలకోసారి సంచులను కదిపి జాగా మార్చండి, కిందికి పోయిన వేరు తెగుతుంది. కొనే రైతు సంచి ఒకటి చింపి వేరు చూపించమని అడగాలి. చూపించని చోట కొనకండి.

నేల విషయం. గుట్ట పాదంలో రాళ్లు కలిసిన ఎర్రనేల, నీళ్లు జారిపోయే మిట్ట, ఇదీ దీని ఇల్లు. నల్లరేగడిలో, నీళ్లు నిలిచే పల్లంలో నాటితే వేరు కుళ్లి పోతుంది. ప్రొద్దుటూరు దిక్కు నల్లనేలల రైతులు దీని జోలికి పోకపోవడమే మంచిది. గుంత ప్రతి దిక్కూ ఒకటిన్నర అడుగు, మొక్కకూ మొక్కకూ ఎడం నాలుగు మీటర్లు. తొలకరి వానలు నేల తడిపినాక జులై, ఆగస్టులో నాటితే, అక్టోబరు వానలు కూడా దానికి అందుతాయి. మన జిల్లాకు రెండు రుతుపవనాల వాన పడుతుంది, అది ఈ మాను అదృష్టం.

డ్రిప్పు పెట్టి, యూరియా వేసి పదేళ్లలో చేవ వస్తుందని చెప్పేవాళ్లు వస్తారు. లావు పెరగడం వేరు, చేవ కట్టడం వేరు. నీళ్లు తాపితే లావెక్కుతుంది, కానీ అది తెల్లచెక్క. చేవ మొదలయ్యేదే సుమారు పదేళ్లకు, ధర వచ్చేంత కావాలంటే పాతికేళ్లు పట్టొచ్చు. ఆ లెక్క వేసుకుని నాటండి. పిల్లల పెళ్లికి పనికొచ్చేది కాదు, మనవడి చదువుకు పనికొచ్చేది.

కాగితాల సంగతి తక్కువ చేయొద్దు. నాటిన ఏడాదే అడంగల్‌లో చెట్ల సంఖ్య ఎక్కించండి. మొక్కలు కొన్న రసీదు దాచండి. కొట్టడానికి అటవీ శాఖ అనుమతి, తరలించడానికి రవాణా పర్మిట్ కావాలి. 1969 నాటి రవాణా నియమాలు శ్రీగంధానికీ ఎర్రచందనానికీ కలిపి ఉన్నాయి. ఇది పట్టా భూమిలో పెరిగినదేనని చూపించలేకపోతే మీ చెట్టుకూ దొంగ దుంగకూ తేడా ఎవరికీ తెలియదు. ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం 1995 నుంచి రెండో అనుబంధంలో ఉంది. దాని అర్థం వ్యాపారం నిషేధమని కాదు, అనుమతితో, మూలం నిరూపించి చేయాలని. దుంగలు, పేళ్లు, పొడి, సారం, అన్నీ దాని కిందికి వస్తాయి. మన దేశం మాత్రం అడవి కలప ఎగుమతిని మామూలుగా ఒప్పుకోదు. సాగుభూమి కలపకు 2019లో దారి తెరిచింది. 2004 నుంచి సైటిస్ ప్రత్యేక సమీక్షలో పెట్టి చూస్తూ వచ్చిన ఈ జాతిని 2023 నవంబరులో ఆ సమీక్ష నుంచి తీశారు. రైతుకు ఇది మేలు. కానీ సాగు కలప పేరుతో అడవి కలప బయటికి పోయిందంటే ఆ తలుపు మళ్లీ మూసుకుంటుంది. రసీదు దాచమని ఇంతగా చెప్పడం అందుకే.

పిల్లల కోసం మన కొండల్లోనే ఉన్న ఇంకొన్నింటిని చెప్తాను. వీటి పేర్లు పత్రికలో రావు.

మొగి. నేరేడు జాతి. పండు తింటారు. గింజ నేరేడు గింజలాగే, ఎండబెట్టి డబ్బాలో దాస్తే చస్తుంది. పండు తిన్న వారంలోపు మట్టిలో పడాలి. తెల్ల కరక, మన కరక్కాయకు చుట్టం. కాయలన్నీ ఏరి అమ్మేస్తే మొలవడానికి ఏముంటుంది? మూడోవంతు కాయ చెట్టు కిందే వదలాలి. కొండ సాంబ్రాణికి బెరడు గాటు పెట్టి జిగురు తీస్తారు. గాటు బెరడు దాటి చెక్కలోకి దిగినా, మాను చుట్టూ గాట్లు కలిసిపోయినా మాను ఎండుతుంది. తిరుమల, కడప, నల్లమల కొండల్లో మాత్రమే ఉండేది అది. పేరీత అనే చిన్న సైకస్ మొక్క కూడా ఉంది. సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కఠినమైన దాంట్లో ఉంది. దానికి ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మందుకని మగ పూకంకిని కోసుకుపోతే ఆడ మొక్క ఆ ఏడు గొడ్డుగా ఉండిపోతుంది. మొక్కను ఎవరూ నరకలేదు, అయినా సంతానం లేదు.

అనంతపురం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా. మీకు కదిరి దగ్గర కలసముద్రం గుట్టల్లో గాలిబుడ్డ అనే చెట్టు ఉంది. ఆకు రాలినాక నారింజ ఎరుపులో పూస్తుంది. కాయ గాలి నింపిన కాగితపు తిత్తిలా ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. బెరడు నారతో తాళ్లు పేనేవాళ్లు. దీన్ని 'క్రిటికల్లీ ఎండేంజర్డ్' అన్నారు. ఎర్రచందనంలా దీనికి దొంగ లేడు, విలువ కట్టేవాడు లేడు, కాపలా కూడా లేదు. ఒక్క మంట, ఒక్క క్వారీ చాలు. దీనికి గింజతో పాటు కొమ్మ ముక్కలతో కూడా మొక్క వస్తుంది. అనంతపురం కాలేజీ పిల్లలు తోటలో ఒక మూల దీనికి ఇస్తే చాలా మేలు. కానీ ఒకటే చెట్టు కొమ్మలతో కాదు. ఇందాక చెప్పింది ఇక్కడా అంతే, వేర్వేరు చెట్ల నుంచి.

లెక్క ఎట్లా తీయాలో చెప్పి ముగిస్తాను. ఇరవై మీటర్లకు ఇరవై మీటర్లు, తాడు కట్టండి. లోపల ఉన్న ఎర్రచందనాన్ని మూడు కుప్పలుగా రాయండి: మోకాలి లోపు మొలకలు, చేతి మణికట్టు లావు వరకు కర్రలు, రొమ్మెత్తున టేపు చుట్టితే అరవై సెంటీమీటర్లు దాటిన మాన్లు. అదే చోటుకు మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లండి. మొదటి కుప్ప పెద్దదిగా, రెండోది ఖాళీగా ఉంటే అక్కడ మంటో మేకో ఉంది. మొదటిదే ఖాళీగా ఉంటే తల్లి మాను పోయింది. మూడూ ఉంటే ఆ వాలును ఎవరూ ముట్టుకోవద్దని రేంజి ఆఫీసులో రాసి పెట్టించండి.

ఇప్పుడు పళ్లెంలో కాయలు కోయండి. ఒక్కొక్కరు ఐదు. గింజ ఉన్నవి ఎడమ పక్క, తాలువి కుడి పక్క పెట్టండి. లెక్క బోర్డు మీద రాద్దాం.